కార్చిచ్చు ముప్పు మ్యాపులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: మ్యాపులో ఎర్రచుక్క ఉన్నచోటే మంట ఉంది.

వాస్తవం: ఉపగ్రహ చిత్రం పిక్సెళ్లనే గడులుగా ఉంటుంది; ఆ చుక్క మంట దొరికిన పిక్సెల్ నడుమ పెట్టిన గుర్తు, అంతే. మంటల వేడిని పసిగట్టే ఉపగ్రహ సెన్సర్లలో, ఉపగ్రహానికి సరిగ్గా కింద మోడిస్ పిక్సెల్ వెడల్పు కిలోమీటరు, వీర్స్‌ది 375 మీటర్లు. చిత్రం అంచులకు పోయేకొద్దీ ఇంకా పెద్దదవుతుంది. మంట ఆ గడిలో ఏ మూలనైనా ఉండొచ్చు. పైగా అది ఇప్పటికే రగిలిన మంట. ముప్పు అంటే అంటుకోకముందు వేసే లెక్క.

అపోహ: పచ్చగా ఉన్న అడవి అంటుకోదు.

వాస్తవం: నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఈ నమ్మకమే. ఉపగ్రహ చిత్రం నుంచి లెక్కేసే ఎన్‌డీవీఐ అనే సూచీ ఆకు పచ్చదనం చెబుతుంది, తడి కాదు. ఆకులో నీరు తగ్గడం మొదలైనా రంగు కొన్నాళ్లు మారదు. నీటి సంగతి కంటికి కనపడని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో బయటపడుతుంది: ఆ కాంతిని నీరు పీల్చుకుంటుంది, ఆకు ఎండేకొద్దీ వెనక్కి వచ్చే కాంతి పెరుగుతుంది. అందుకే సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాల్లో 8ఏ, 11 బ్యాండ్లు (ఒక్కో బ్యాండ్ ఒక్కో రకం కాంతి) తీసుకుని, ఆకు తడి చెప్పే ఎన్‌డీఎంఐ అనే సూచీ వేస్తాం. ఎన్‌డీవీఐలో లోయకు రెండు వైపులా ఒకే పచ్చగా కనిపించిన వాలుల్లో, ఎండ ఎక్కువ తగిలేది ఇందులో విడిగా తేలుతుంది.

అయినా ఇదంతా చెట్ల తలల కథే. నిప్పు రాజుకునేది కింద, ఎండుటాకుల్లో, గడ్డిలో, సన్న పుల్లల్లో. కొమ్మలు గుబురుగా ఉంటే పైనుంచి వెలుతురుతో చూసే ఆప్టికల్ సెన్సర్‌కు ఆ కిందివి కనిపించవు. పైగా వడగాలి వీస్తే గంటల్లో పెళపెళలాడతాయి. రెండు ఉపగ్రహాలున్నా ఐదు రోజులకోసారి వచ్చే సెంటినెల్ చిత్రానికి అది ఎక్కడ చిక్కుతుంది? అక్కడ గాలి, తేమ, ఉష్ణోగ్రత డేటా తెచ్చి కలపాల్సిందే. కింది పొదల నుంచి పైకొమ్మలకు మంట ఎక్కే దారి ఉందో లేదో, లేజర్ కాంతితో ఎత్తులు కొలిచే లైడార్ కొంత చెబుతుంది.

అపోహ: మ్యాపులో ముప్పు తక్కువని వచ్చినచోట భయం లేదు.

వాస్తవం: అగ్గిపుల్ల గీసే చేయి ఉపగ్రహానికి కనపడదు. రోడ్డు, కరెంటు లైను ఎంత దూరమో లెక్కలోకి తేని మ్యాపును నేను నమ్మను.

అపోహ: ముప్పు లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌కు పాత మంటల డేటా ఇస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

వాస్తవం: ఇచ్చింది తప్పైతే తప్పే నేర్చుకుంటుంది. మొదట్లో నేనొక నల్లటి మచ్చను కాలిన నేల అనుకుని శిక్షణ డేటాలో వేశాను. కొండవాలున, అంచులు చక్కగా ఉన్న మచ్చ. మ్యాపు తయారయ్యాక అనుమానమొచ్చి తర్వాతి చిత్రం తెరిస్తే మచ్చ లేదు. అది మేఘం నీడ.