వీఎంలో కోర్లు కోశారని కంగారు పడేవాళ్లకు

"అన్నా, మా వీఎంకి ఎనిమిది వీసీపీయూలుంటే నాలుగు చేసేశారు. ప్రాజెక్టు మూసేస్తున్నారా ఏంటి?"

వీఎం అంటే ఒక పెద్ద సర్వరు లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటరు (వర్చువల్ మెషీన్). వీసీపీయూ అంటే దానికి ప్రాసెసర్‌లో కేటాయించిన వాటా, ఒక కోరు లాంటిది. బరంపురంలో మా ఆఫీసు సర్వర్లు చూసుకునే నాకు ఈ నెలలో ఇలాంటి ఫోన్లు ఎన్ని వచ్చాయో లెక్క లేదు. ఒడియా కుర్రాళ్లు "భాయినా" అని మొదలుపెడతారు, మన పిల్లలు "అన్నా" అంటారు. తర్వాత అడిగేది మాత్రం అదే. టీ కొట్టు దగ్గర ఒకడు ఊహించి అన్నది సాయంత్రానికల్లా వార్త అయిపోతుంది. పాపం, కొత్తగా చేరిన వాళ్లకు రాత్రి నిద్ర ఉండదు.

కోతకు కారణం చాలాసార్లు డబ్బు లెక్కే. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కంపెనీ చేతికి వచ్చాక, వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ వీఎంవేర్‌కి శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు కోర్ల లెక్కన చందా కట్టాలి, ఒక్కో ప్రాసెసర్‌కి తక్కువలో తక్కువ 16 కోర్లకు. అందుకే కొత్త హోస్టు, అంటే వీఎంలు నడిచే అసలు సర్వరు, అడిగితే "ఉన్నవాటిలోనే సర్దండి" అంటారు. ఆ లెక్కలో మీ పేరు గానీ మీ ఉద్యోగం గానీ ఉండవు.

ఇక అందర్నీ ముంచుతున్న అపోహ ఇది: వీసీపీయూలు ఎన్ని ఎక్కువుంటే వీఎం అంత వేగం, వాడకపోయినా పడి ఉంటే ఎవరికేం నష్టం?

నష్టం ముందు మీకే. పెళ్లి భోజనాల దగ్గర చూడండి. ఇద్దరొస్తే ఏదో ఒక మూల ఖాళీ చూసి కూర్చోబెట్టేస్తారు. "మేం పదహారు మందిమీ ఒకే బంతిలో కూర్చుంటాం" అన్నవాళ్లు మూడో బంతి దాకా నిలబడాలి. వీఎంవేర్‌లో పదహారు వీసీపీయూల వీఎంది ఇదే అవస్థ. ఎవరికి ఎప్పుడు కోరు ఇవ్వాలో చూసే ఇప్పటి షెడ్యూలర్ అంత పట్టుబట్టదు, దొరికిన వాళ్లను కూర్చోబెడుతుంది. కానీ వాళ్లు పప్పు దాటి పెరుగులోకి వెళ్లిపోతుంటే, మిగతావాళ్లు వచ్చేదాకా చెయ్యి ఆపమంటుంది. అలా ఆగిన సమయం కో-స్టాప్. కోరు కోసం వరసలో నిలబడ్డ సమయం సీపీయూ రెడీ. ఈ రెండూ వీఎం లోపల కూర్చున్న మీకు కనిపించవు. మీకు తెలిసేదల్లా "స్లోగా ఉంది" అని. దాంతో ఇంకో నాలుగు వీసీపీయూలు అడుగుతారు, ఇంకా స్లో అవుతుంది.

మా దగ్గర నెలాఖరు రిపోర్టులు తీసే వీఎం ఒకటి ఉండేది, 16 వీసీపీయూలు. హోస్టుకి ఉన్నవి 32 కోర్లు, అదే సైజు వీఎంలు దాని మీద ఇంకా నాలుగున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఎన్ని వీసీపీయూలు కనబడితే అన్ని వర్కర్లను (పని పంచుకునే ప్రక్రియలను) లేపుతుంది, అందరూ ఒకే డేటాబేస్ టేబుల్ మీద తాళం కోసం, అంటే ఒకరు వాడుతుంటే మిగతావాళ్లు ఆగాల్సిన వంతు కోసం, కొట్టుకుంటారు. నెలాఖరు సాయంత్రం అన్నీ కలిసి లేచేవి. గ్రాఫులో రెడీ విలువ 48,000 మిల్లీసెకన్లు. రియల్‌టైమ్ గ్రాఫులో ఒక్కో పాయింటు 20 సెకన్లది, అంటే 20,000 మిల్లీసెకన్లు. 48,000ని 16తో భాగిస్తే వీసీపీయూకి 3,000, అంటే పదిహేను శాతం. 5 శాతం దాటితే నేను ఒక కన్నేసి ఉంచుతాను, 10 దాటితే జనం తిట్టడం మొదలవుతుంది.

ఐదింటినీ ఆరేసి వీసీపీయూలకు దించాం. ఆ టీమ్ పెద్దాయన నాతో వారం మాట్లాడలేదు. నెలాఖరున గంటా నలభై నిమిషాలు పట్టే పని గంటా పదికి అయిపోయింది. ఆయన ఫోన్ చేసి "ఏం పెంచావు బాబూ?" అన్నారు. నిజం చెబితే ఇప్పటికీ నమ్మరు.

కాబట్టి "మావి తిరిగి ఇవ్వండి" అని మెయిలు పెట్టే ముందు, మీ వీఎం రెడీ, కో-స్టాప్ ఎంతో చెప్పమని మీ అడ్మిన్‌ను అడగండి. అడగడం తప్పు కాదు, మాకూ సరదాయే. వీఎంవేర్ కాకుండా కేవీఎం (లినక్స్‌లోనే ఉండే, వీఎంలు నడిపే ఏర్పాటు) మీద లినక్స్ వీఎం అయితే అడగక్కర్లేదు, టాప్ అనే కమాండ్ కొట్టి సీపీయూ వరసలో చివరనుండే ఎస్‌టీ చూడండి. మీ వీఎంకి అందాల్సిన సమయంలో హోస్టు వేరేవాళ్లకు ఇచ్చింది అక్కడ తెలుస్తుంది.

ర్యామ్ సంగతి. "ఫ్రీ కమాండ్ కొడితే 300 ఎంబీయే మిగిలింది" అని స్క్రీన్‌షాట్లు పంపకండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని లినక్స్ ఫైళ్ల క్యాష్‌కి వాడుకుంటుంది, అవసరమైతే వదిలేస్తుంది. చూడాల్సింది అవైలబుల్ కాలమ్. అసలు ప్రమాదం వేరే. 32 జీబీని 16 చేసినప్పుడు జావా హీప్ (జావా ప్రోగ్రాం వాడుకునే మెమరీ హద్దు) ఎప్పుడో చేత్తో 20 జీబీ అని రాసి ఉంటే అది అలాగే ఉండిపోతుంది. కొన్నాళ్లు బాగానే నడిచి, ఒక రాత్రి లినక్స్ కెర్నల్ ఆ ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన కోసం పట్టి ఉంచుకునే మెమరీ, షేర్డ్ బఫర్లు, కూడా పాత ర్యామ్ లెక్కనే ఉంటాయి. కోత పడిన రోజే ఈ రెండూ సరిచూడండి.

రీస్టార్ట్ చేస్తే పోయినవి తిరిగొస్తాయా? రావు. డిస్కు కూడా కోస్తారా? వర్చువల్ డిస్కును పెంచడం తేలిక, కుదించడం తలనొప్పి, మేం దాని జోలికి పోం. కోతకు ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలో వీఎం ఉన్న స్థితి) బ్యాకప్ కిందికి రాదు.

అలాగని అడ్మిన్లు ఎప్పుడూ ఒప్పే అనను. ఒకసారి ముప్పై రోజుల సీపీయూ వాడకం సగటు 9 శాతం ఉందని ఒక వీఎంని రెండు వీసీపీయూలకు కోసేశాను. అది ఏడాదికోసారి, మార్చి ముగింపు లెక్కలకే ఒళ్లు వంచే వీఎం అని నాకేం తెలుసు? ఏప్రిల్ మొదట్లో, ఠాకురాణి యాత్రలో మా పాపను భుజాన ఎక్కించుకుని పులి వేషాలు చూపిస్తుంటే ఫోను. ఆ జనంలోంచి బయటపడి ఇల్లు చేరి ల్యాప్‌టాప్ తెరిచేసరికి గంటన్నర, అవతల అకౌంట్స్ వాళ్లు అన్నం తినకుండా కూర్చున్నారు. అప్పటినుంచి కోతకు ముందు ఏడాది గ్రాఫులో శిఖరాలు చూస్తున్నాను, మార్చిలో మీకేం పనులుంటాయని ప్రతి టీమ్‌నీ అడుగుతున్నాను. సగం మంది జవాబివ్వరు.