ఆ గేలిక్ జోలపాటలో నెత్తురు ఎవరిది

రాత్రిళ్లు పని చేసుకునేటప్పుడు చెవుల్లో ఏదో ఒకటి మోగుతుండాలి నాకు. మాటలు అర్థమయ్యే పాటైతే పని వదిలేసి పాట వెంట పోతాను, అందుకని తెలియని భాషల పాటలు పెట్టుకోవడం అలవాటైంది. అలా "సెల్టిక్ సంగీతం, మనశ్శాంతికి" అనే బాపతు ప్లేలిస్టులో తగిలింది గ్రిగల్ క్రీ, స్కాట్లండ్ పాతభాష గేలిక్‌లో పాట. ఒక ఆడగొంతు, వెనక హార్ప్, ఉయ్యాల ఊగినట్టుండే వరస, మధ్యమధ్య "ఓవన్ ఓవన్ ఓవన్ ఈరీ" అని జోల మాటలు. నెలల తరబడి విన్నాను. ఒకరోజు అర్థం వెతికి చదివితే ఒళ్లు జలదరించింది.

1570 ఏప్రిల్‌లో స్కాట్లండ్ కొండప్రాంతమైన హైలాండ్స్‌లో గ్రెగర్ మగ్రెగర్ అనే అతని తల నరికారు. ఆ పాట అతని భార్యది. ఆమె క్యాంబెల్ వంశపు పిల్ల, తల తీయించింది కూడా ఆమె పుట్టింటి వంశంవాళ్లే. చంటిబిడ్డను ఊపుతూ, ఓక్ మొద్దు మీద అతని తల పెట్టారు, నెత్తురు నేలపాలు చేశారు, చేతిలో గిన్నె ఉంటే కడుపునిండా తాగేదాన్నే అని పాడుతుంది. మనశ్శాంతికట!

అసలు "సెల్టిక్" అనే అట్టే పెద్ద తికమక. ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ భాషలన్నీ ఒకే కుటుంబానివని 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే వెల్ష్ పండితుడు పుస్తకం వేశాక ఆ పేరు వాటికి అతుక్కుంది. సంగీతానికి పట్టుకుంది ఇంకా ఆలస్యంగా, క్యాసెట్ల షాపుల్లో అలమరకి ఒక పేరు కావాల్సొచ్చినప్పుడు. స్కాట్లండ్ పడమటి తీరాన హెబ్రిడీస్ దీవుల్లో ఒకటైన బారాలో పాడుకునే ముసలమ్మకి తను పాడేది గేలిక్ పాట, అంతే. నేను ఇక్కడ చెప్పేది కూడా ఆ స్కాటిష్ గేలిక్ పాట సంగతే. ఐరిష్‌వాళ్ల కథ వేరే, చాలా పెద్దది.

ఈ పాటల్లో చాలావి పనిలోంచి పుట్టినవి. హెబ్రిడీస్ దీవుల్లో మగ్గం దించిన ట్వీడ్ అనే ఉన్ని గుడ్డ వదులుగా, గాలి దూరేలా ఉండేది. దాన్ని మందం చెయ్యాలి. అందుకు నిలవబెట్టిన మూత్రంలో నానబెట్టేవాళ్లు (అవును, ఇంట్లో దాచి మరీ, అందులోని అమోనియాతోనే పని), తర్వాత పొడుగాటి బల్ల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఆ తడిగుడ్డను బల్లకేసి బాదుతూ, పక్కామెకు తోస్తూ, ఆమె ఆ పక్కామెకు తోస్తూ, గుడ్డ సూర్యుడు తిరిగే దిక్కులో బల్ల చుట్టూ తిరుగుతూ ఉండేది. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత. ఆ వంతలో చాలావరకు అర్థం ఉండదు, మన హైలెస్సా లాగా చేతుల్ని ఒక ఊపులో పెట్టడానికే. మధ్యలో ఒకామె నడివేలితో గుడ్డ వెడల్పు కొలిచి ఇంకా ముడుచుకోవాలంటే మరో పాట. ఒకే గుడ్డ మీద పాడిన పాట మళ్లీ పాడితే అశుభం అనేవాళ్లు. ఒక్కసారి లెక్కేసుకోండి, ఆ పని పూర్తయ్యేలోపు ఎన్ని పాటలు నోటికి రావాలో. గ్రిగల్ క్రీ కాలంనాటి పాటలు నిన్నమొన్నటిదాకా బతికి ఉన్నాయంటే ఈ నియమానికీ వాటా ఉందని నా అనుమానం.

తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1746లో కలోడెన్ యుద్ధంలో హైలాండ్ తిరుగుబాటుదారులు ప్రభుత్వ సైన్యం చేతిలో ఓడిపోయాక హైలాండ్ దుస్తుల్ని చట్టం పెట్టి నిషేధించారు. బ్యాగ్‌పైప్‌ని కూడా నిషేధించారని ఎవరైనా చెబితే నమ్మకండి, చట్టంలో దాని ఊసే లేదు. అసలు దెబ్బ ఆ తర్వాతిది. భూస్వాములు గొర్రెల్ని మేపుకుంటే లాభమని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు, జనం ఓడలెక్కి కెనడా నోవాస్కోషియా దాకా పోయారు, పాటలూ వాళ్లతోనే పోయాయి. 1872లో వచ్చిన విద్యాచట్టంలో గేలిక్‌కి చోటే లేదు. బళ్లో సొంత భాష మాట్లాడిన పిల్లల మెడలో కర్ర వేలాడదీసిన సంగతులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1891 జనాభా లెక్కల్లో రెండున్నర లక్షల మందికి వచ్చిన భాష 2011కి 57 వేలకు దిగింది.

ఈ లోగా పాటల్ని కాపాడామన్నవాళ్లు కొందరు వాటికి పియానో తగిలించి, ఇంగ్లిష్ డ్రాయింగ్ రూముకి తగ్గట్టు సాపు చేసి అచ్చేశారు. ఇప్పటి మనశ్శాంతి ప్లేలిస్టుల పూర్వీకులు వాళ్లేనంటాను నేను. అసలు గొంతుల్ని పట్టుకున్నది టేపు. 1951లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ పెట్టినప్పుడు మొదటి సేకర్తగా చేరిన కలమ్ మెక్లీన్ "రాసే" అనే దీవివాడు, గేలిక్ అతని ఇంటిభాష. దీవుల్లో ఇల్లిల్లూ తిరిగి, పొయ్యి పక్కన కూర్చుని, వాళ్ల భాషలోనే కబుర్లు చెబుతూ రికార్డు చేశాడు. 1957లో క్యాన్సర్‌తో ఎడమ చెయ్యి తీసేశారు. ఆ తర్వాతా సేకరణ ఆపలేదు. 1960లో పోయాడు. అదే 1951లో అమెరికన్ జానపద సేకర్త అలన్ లోమాక్స్ రికార్డింగ్ మెషీన్ పట్టుకుని వచ్చాడు. ఎడిన్‌బరోలో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేస్తున్న బారా అమ్మాయి ఫ్లోరా మెక్నీల్, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పాటలు అతనికి పాడింది. అటు మిల్లులొచ్చి బల్ల చుట్టూ కూర్చునే పనే లేకుండా పోతున్న రోజులవి. పదేళ్లు ఆలస్యమైతే ఏమయ్యేదో!

ఆ పైన గిటార్లొచ్చాయి. స్కై దీవి అన్నదమ్ములు మొదలుపెట్టిన రన్‌రిగ్ 1978లో వేసిన మొదటి ఆల్బమ్ మొత్తం గేలిక్‌లోనే. డాన్సు బ్యాండ్‌గా మొదలై రాక్ స్టేడియాలు నింపారు. 1981లో బారాలో పిల్లలకు పాట, వాద్యం, భాష కలిపి నేర్పే ఫేష్ అనే సంబరం మొదలైంది, తర్వాత ఊరూరా పాకింది. 1992లో కేపర్‌కేలీ బ్యాండ్ నాలుగు వందల ఏళ్ల నాటి గుడ్డబాదుడు పాట, "కోషిహ్ అ రూన్", నడిచి రా ప్రియా అని, తీసుకుని డ్రమ్స్‌తో వాయిస్తే అది బ్రిటన్ టాప్ 40లోకి వెళ్లింది. ఒక స్కాటిష్ గేలిక్ పాట అక్కడికి చేరడం అదే మొదటిసారి. హెబ్రిడీస్‌లో ప్రిన్స్ చార్లెస్ గడిపిన రోజుల మీద తీసిన టీవీ డాక్యుమెంటరీలో వాడటం కలిసొచ్చిందిలెండి. కానీ ఆ బ్యాండ్ గాయని కారెన్ మాథెసన్ గొంతు వినండి, వంతలో చేతుల బరువు తెలుస్తుంది.

నాకు మాత్రం అందరికంటే మార్టిన్ బెనెట్ ఎక్కువ. తల్లి జానపద పరిశోధకురాలు, అతను పైపులూ ఫిడేలూ రెండూ వాయించేవాడు, క్లబ్బుల్లో బీట్లూ కట్టేవాడు. క్యాన్సర్ ముదిరి వాద్యం పట్టుకోలేని స్థితిలో పాత టేపుల్లోని గొంతుల్ని, ఊరూరా తిరిగే ట్రావెలర్ కుటుంబాల గాయకుల్ని, గేలిక్ చర్చి కీర్తనని, ఎలక్ట్రానిక్ మోతతో కలిపి 2003లో "గ్రిట్" అనే ఆల్బమ్ చేశాడు. ఇక్కడ ఎవరూ సాపు చేయలేదు. ముసలి గొంతులోని జీర జీరగానే ఉంటుంది, కింద బాస్ దడదడలాడుతుంది. 2005 జనవరిలో పోయాడు, 33 ఏళ్లకే. పదేళ్ల తర్వాత గ్లాస్గోలో ఆ ఆల్బమ్ మొత్తాన్ని పెద్ద ఆర్కెస్ట్రాతో వాయించారు.

ఇప్పుడు చూస్తే సంగీతానికి ఏ లోటూ లేదు. నార్త్ యూయిస్ట్ నుంచి వచ్చిన జూలీ ఫౌలిస్ 2012లో పిక్సార్ సినిమాకి పాడింది. గ్లాస్గోలో ఏటా జనవరిలో సెల్టిక్ కనెక్షన్స్ అనే సంగీతోత్సవం జరుగుతుంది. 2022 లెక్కల్లో గేలిక్ మాట్లాడేవాళ్లు దాదాపు 70 వేలకు పెరిగారు. 2025లో స్కాటిష్ పార్లమెంటు దానికి అధికార భాష హోదా కూడా ఇచ్చింది. కానీ అదే 2022 లెక్కల్లో పశ్చిమ దీవుల్లో, అంటే ఆ బల్లలున్న చోట, గేలిక్ మాట్లాడేవాళ్లు మొదటిసారి సగానికంటే తగ్గిపోయారు. నేర్చుకుంటున్నవాళ్లు దీవుల బయట పెరుగుతున్నారు, ఇంట్లో మాట్లాడేవాళ్లు తగ్గుతున్నారు. పాట నేర్చుకున్నంత తేలిగ్గా వంటింటి తగువు నేర్చుకోలేం కదా.

ఆ పాత టేపుల్లో చాలా తోబర్ అన్ దువల్‌ఖష్, వారసత్వపు బావి అనే పేరుతో ఆన్‌లైన్లో ఉచితంగా ఉన్నాయి. ముందు అక్కడ ఒక గుడ్డబాదుడు పాట వినండి, తర్వాత కేపర్‌కేలీ పెట్టుకోండి. గ్రిగల్ క్రీ మాత్రం నేనిప్పుడు రాత్రిపూట పెట్టుకోవడం లేదు. మాటలు తెలిసిపోయాయి, పని సాగట్లేదు.