ఓటు బటనే లేదు, 250 ఓట్లు ఎక్కడివి? ప్రశ్న-జవాబు పేజీల స్కీమాపై అపోహలు, వాస్తవాలు

రొయ్యల రైతుల కోసం భీమవరం వైపు, కొబ్బరి రైతుల కోసం అమలాపురం వైపు ప్రశ్న-జవాబుల సైట్లు నడిపేవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే: "స్కీమా పెట్టేయండి, గూగుల్లో పైకి రావాలి." స్కీమా అంటే పేజీలో ఏముందో గూగుల్‌కి అర్థమయ్యేలా రాసే కోడ్, దాన్నే మార్కప్ అనీ అంటారు. అంతకుముందే ఎవరో ఏదో చెప్పి పంపి ఉంటారు. ఆ చెప్పినదాన్ని వదిలించడానికే నాకు సగం పూట పడుతుంది.

అపోహ: ప్రశ్న, జవాబు ఉన్న ప్రతి పేజీకీ క్యూఏపేజ్ (ప్రశ్న-జవాబు పేజీల స్కీమా రకం) మార్కప్ పెట్టొచ్చు.

కుదరదండీ. జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పేజీలో జవాబు ఎవరు రాయగలరో ముందు చూడండి. "వనామీ రొయ్యకి వైట్ గట్ జబ్బు కనిపిస్తోంది, మేత ఆపాలా?" అని ఒక రైతు అడిగారు. కింద ఆకివీడు నుంచి ఒకరు, ఉండి నుంచి ఇంకొకరు జవాబు రాశారు. రేపు మీరైనా లాగిన్ అయి మరో జవాబు చేర్చొచ్చు. ఇది క్యూఏపేజ్. పేజీకి ఒక్కటే ప్రశ్న ఉండాలి.

ప్రశ్నా మీదే, జవాబూ మీదే అయితే అది ఎఫ్ఏక్యూ (తరచూ అడిగే ప్రశ్నల పేజీ). చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ అమ్మే పేజీ కింద కొనేవాళ్ళు అడిగిన ప్రశ్నలు వరసగా ఉన్నా క్యూఏపేజ్ కాదు. ప్రశ్నల జాబితా ఉన్న పేజీ కూడా క్యూఏపేజ్ కాదు, వ్యాసం అసలే కాదు.

రిచ్ రిజల్ట్ అంటే మామూలు లింకులా కాకుండా అదనపు వివరాలతో కనిపించే వెతుకులాట ఫలితం. 2023 ఆగస్టులో గూగుల్ ఎఫ్ఏక్యూ రిచ్ రిజల్ట్స్‌ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. ఆ తర్వాత నాకు స్కీమా పెట్టిచ్చేవాళ్ళ కొత్త రకం ప్యాకేజీలు తగలడం మొదలైంది: పాత ఎఫ్ఏక్యూకే క్యూఏపేజ్ అని పేరు మార్చి ఇవ్వడం! చెరువు మందులమ్మే ఒకాయన అలాంటిదానికి ఏడాది ఫీజు ముందే కట్టి వచ్చారు. కోడ్ తెరిస్తే, సరైనదని ఎంచిన జవాబు ఉండాల్సిన యాక్సెప్టెడ్ ఆన్సర్‌లో ఆయన షాపు ప్రకటన ఉంది, అప్‌వోట్ కౌంట్ (జవాబుకి పడ్డ ఓట్లు) 250 అని ఉంది. పేజీలో చూస్తే ఓటు వేసే బటనే లేదు. "ఇవెవరు వేశారండీ?" అన్నాను. "అదంతా వాళ్ళే చూసుకుంటామన్నారు మాస్టారూ" అన్నారాయన, పాపం.

పేజీలో మనిషికి కనిపించనిది మార్కప్‌లో ఉండకూడదు. ఉంటే మాన్యువల్ యాక్షన్, అంటే గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష, రావొచ్చు. వస్తే ఆ పేజీకి రిచ్ రిజల్ట్ అర్హత పోతుంది. మామూలు వెతుకులాటలో స్థానం మాత్రం దానివల్ల పడిపోదు, సైటు మాయం కాదు. ఆయనకి ఈ మాట రెండుసార్లు చెబితే గానీ ముఖంలో రంగు రాలేదు.

అపోహ: సెర్చ్ కన్సోల్ (సైటు నడిపేవాళ్ళకి గూగుల్ ఇచ్చే టూల్) నుంచి మెయిల్ వచ్చిందంటే సైటు పోయినట్టే.

ఈ మెయిల్ ప్రింటు తీసుకుని టెన్షన్‌గా వచ్చేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. అప్‌వోట్ కౌంట్ లేదనో, ఆథర్ వివరాలు లేవనో వస్తే అది సూచన మాత్రమే. ఉంటే చేర్చండి, లేకపోతే వదిలేయండి. ఆన్సర్ కౌంట్ (జవాబుల సంఖ్య) లేకపోయినా, యాక్సెప్టెడ్, సజెస్టెడ్ (ఇంకా ఎంచని) ఆన్సర్లలో ఏదీ లేకపోయినా అది ఎర్రర్. అప్పుడు కూడా పోయేది రిచ్ రిజల్టే.

కొబ్బరికి తెల్లదోమ గురించి ఎవరో అడిగారు, ఇంకా ఎవరూ జవాబు రాయలేదు. ఆ పేజీకి ఎర్రర్ వస్తుంది. రానివ్వండి. దాన్ని పోగొట్టడానికి "త్వరలో జవాబిస్తాం" అని ఉత్తుత్తి జవాబు పెట్టేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరైనా నిజంగా జవాబు రాశాక మార్కప్‌లోకి వస్తే చాలు.

మిగతావి గబగబా:

స్కీమా పెడితే ర్యాంకు పెరుగుతుందా? పెరగదు. రిచ్ రిజల్ట్‌కి అర్హత వస్తుంది, అంతే. చూపిస్తామని గూగుల్ కూడా మాట ఇవ్వదు. జవాబులో మొదటి రెండు లైన్లు ఇస్తే చాలా? చాలదు, జవాబు మొత్తం ఇవ్వాలి. స్కీమా తప్పులు చూపే స్కీమా డాట్ ఆర్గ్ వాలిడేటర్‌లో పాసైతే అయిపోయినట్టేనా? అది స్కీమా పదజాలం వరకే చూస్తుంది, గూగుల్ నియమాల కోసం రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో కూడా పెట్టి చూడండి.

మార్కప్ ఇంగ్లీషులోనే ఉండాలా? ప్రాపర్టీల పేర్లే ఇంగ్లీషు, ప్రశ్నా జవాబులు శుభ్రంగా తెలుగులో ఉండొచ్చు. పీహెచ్‌పీ భాషలో సైటు రాసుకున్నవాళ్ళకి సోర్స్‌లో తెలుగు బదులు బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కోడ్లు కనిపిస్తాయి. కంగారు పడకండి, గూగుల్‌కి రెండూ ఒకటే.

నిజంగా భయపడాల్సింది డబుల్ కోట్‌కి. మన రైతులు అంగుళాలకి అదే గుర్తు కొడతారు: 4" పైపు, 6" పైపు. టెంప్లేట్‌లో జవాబుని ఉన్నదున్నట్టు అతికిస్తే ఆ గుర్తు దగ్గర జేసన్ (మార్కప్ రాసే పద్ధతి) తెగిపోతుంది, ఆ జేసన్ ముక్కలోని మార్కప్ మొత్తం చెల్లదు. జేసన్ ఎన్‌కోడ్ ఫంక్షన్ గుండా పంపిస్తే ఆ గొడవ ఉండదు. మీ డెవలపర్‌ని ముందు ఇదే అడగండి.