సాంతా క్రూజ్: నాలుగో డివిజన్‌లోనూ స్టేడియం నింపిన క్లబ్బు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

బ్రెజిల్ ఫుట్‌బాల్ క్లబ్బుల పేర్లు చెప్పమంటే మీరు ఫ్లమెంగో, సాంటోస్, కొరింథియన్స్ అంటారు. అవన్నీ రియో, సావో పాలో వైపు జట్లు. దేశానికి ఈశాన్యాన, అట్లాంటిక్ ఒడ్డున, పెర్నాంబూకో రాష్ట్ర రాజధాని రెసీఫెలో సాంతా క్రూజ్ అని ఒక క్లబ్బుంది. అది ఇప్పటిదాకా దేశ చాంపియన్ కాలేదు. కప్పులు లెక్కపెట్టి అభిమాన జట్టును ఎంచుకునే మీ వయసులో దాని కథ తప్పకుండా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1914 ఫిబ్రవరి 3న బొవా విస్తా పేటలో, సాంతా క్రూజ్ చర్చి ముందు ఆడుకునే పదకొండు మంది కుర్రాళ్లు ఈ క్లబ్బు పెట్టారు. వాళ్లూ మీ ఈడువాళ్లే. చర్చి పేరే క్లబ్బు పేరైంది. అప్పటికే ఊళ్లో నౌతికో (1901), స్పోర్ట్ (1905) అనే రెండు క్లబ్బులున్నాయి. అవి కలిగినవాళ్లవి. సాంతా క్రూజ్ వీధి పిల్లలది. తొలినాళ్ల జట్టులోనే లక్రాయా అనే నల్లజాతి ఆటగాడికి చోటు దొరికింది. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. అంటే అప్పటికి పాతికేళ్లు దాటిందంతే. పెద్దింటి క్లబ్బులు తలుపులు మూసుకున్న ఆ రోజుల్లో ఆ చోటు ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. పేదల జట్టు అన్న పేరు సాంతా క్రూజ్‌కు అలా మొదటినుంచీ ఉంది.

మొదట్లో డబ్బుకు చాలా ఇబ్బంది పడ్డారు. ఒక దశలో క్లబ్బు మూసేసి, మిగిలిన ఆరు వేల రెయిస్‌తో (అప్పటి బ్రెజిల్ నాణెం) చెరకురసం తీసే యంత్రం కొందామని ఒకరు అన్నారట. అలెగ్జాండ్రె కర్వాల్యో అనే సభ్యుడు బల్ల గుద్ది మరీ ఆపాడని అక్కడి అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

జెర్సీ మొదట నలుపు, తెలుపు. రెసీఫె లీగ్‌లో అవే రంగులతో మరో జట్టు ఉండడంతో ఎరుపు కలిపారు. ఎరుపు, నలుపు, తెలుపు పట్టీలు అక్కడి పగడపు పాము ఒంటిమీద ఉన్నట్టే ఉంటాయి. అందుకే జట్టు ముద్దుపేరు కోబ్రా కొరల్. స్పోర్ట్‌తో ఆడే మ్యాచ్‌ను ‘జనసందోహాల పోరు’ అనీ, నౌతికోతో ఆడేదాన్ని ‘ఉద్వేగాల పోరు’ అనీ పిలుస్తారు.

1943 నాటి యాత్ర సంగతి కూడా తెలుసుకోండి. డబ్బు సంపాదించుకోవడానికి జట్టు ఓడెక్కి అమెజాన్ వైపు వెళ్లింది. ప్రపంచ యుద్ధకాలం. జర్మన్ జలాంతర్గాములు బ్రెజిల్ ఓడల్ని ముంచుతున్నాయి. ఓడలు కదలక ఆటగాళ్లు నెలల తరబడి బయటే చిక్కుకుపోయారు. తిండికీ తిరుగు ప్రయాణానికీ మళ్లీ మ్యాచ్‌లే ఆడాల్సి వచ్చింది. అమెజాన్ ముఖద్వారం దగ్గరి బెలెం నగరంలో గోల్‌కీపర్ కింగ్, ముందు వరుస ఆటగాడు పపేయిరా టైఫాయిడ్‌తో చనిపోయారు. ఆ ఇద్దరి పేర్లూ గుర్తుంచుకోండి.

మంచి రోజులు 1970 ప్రాంతంలో వచ్చాయి. 1969 నుంచి 1973 దాకా వరుసగా ఐదుసార్లు రాష్ట్ర టైటిల్ సాంతా క్రూజ్‌దే. 1972లో అర్రూడా పేటలో సొంత స్టేడియం తెరిచారు. 1973 జాతీయ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్, 21, కొట్టింది ఈ జట్టు ఆటగాడు రమోన్. 1975లో సెమీఫైనల్ చేరి, సొంత మైదానంలో క్రుజేయిరో అనే మరో బ్రెజిల్ క్లబ్బు చేతిలో 2-3తో ఓడారు. 1982లో స్టేడియానికి పై అంతస్తు కట్టారు. 1993లో అక్కడే బ్రెజిల్ జాతీయ జట్టు బొలీవియాను 6-0తో ఓడించినప్పుడు 96,990 మంది చూశారు. 1999లో ప్రపంచ ఉత్తమ ఆటగాడైన రివాల్డో వృత్తి ఆట మొదలైంది కూడా ఈ క్లబ్బులోనే.

ఇక పతనం. దీన్ని నిదానంగా చదవండి. బ్రెజిల్‌లో జాతీయ లీగ్‌కు ఎ, బి, సి, డి అని నాలుగు మెట్లు, అంటే డివిజన్లు. ఎ మొదటిది, డి నాలుగోది. పై రెండింటిలో ఇరవయ్యేసి జట్లు, ఏటా నాలుగు కిందికి, నాలుగు పైకి. కింది మెట్టుకు దిగితే టీవీ డబ్బు ఒక్కసారిగా తగ్గుతుంది కానీ పాత జీతాల ఒప్పందాలు తగ్గవు. బకాయిపడితే ఆటగాళ్లు కార్మిక కోర్టుకు వెళతారు. కోర్టు టికెట్ల డబ్బు జప్తు చేస్తుంది. కొత్తవాళ్లను కొనడానికి చేతిలో ఏమీ ఉండదు, జట్టు ఇంకో మెట్టు దిగుతుంది. సాంతా క్రూజ్ 2006లో ఎ నుంచి, 2007లో బి నుంచి, 2008లో సి నుంచి జారి 2009లో డి మెట్టున నిలబడింది. అలా వరుసగా మూడేళ్లు.

డి మెట్టుకు ఒక కఠిన నియమముంది. పైకి ఎక్కలేని జట్టుకు మరుసటి ఏడాది చోటు ఉంటుందని హామీ లేదు. ఏడాది మొదట్లో జరిగే రాష్ట్ర పోటీలో బాగా ఆడి సంపాదించుకోవాలి. లేకపోతే ఆ పోటీ ముగిశాక నెలల తరబడి మ్యాచ్‌లే ఉండవు. మ్యాచ్ లేకపోతే టికెట్ లేదు, ప్రకటనదారు లేడు, ఆటగాడూ ఉండడు. చిన్న ఊళ్ల జట్లు చాలావరకు చితికిపోయేది ఇక్కడే.

సాంతా క్రూజ్ చితికిపోలేదు, ఎందుకంటే జనం రావడం మానలేదు. 2011లో నాలుగో డివిజన్‌లో ఆడుతూ సొంత మైదానంలో సగటున 36 వేలకు పైగా ప్రేక్షకుల్ని రప్పించింది. ఆ ఏడాది బ్రెజిల్‌లో మొదటి డివిజన్ జట్లకు కూడా అంత సగటు లేదు! ఆ టికెట్లు కొన్నవాళ్లలో ఎక్కువమంది పేటల్లో ఉండే మామూలు కూలీ, ఉద్యోగి కుటుంబాలవాళ్లు. నా దృష్టిలో ఈ క్లబ్బు గెలిచిన అన్ని కప్పులకన్నా ఇది గొప్పది.

ఆ ఏడాదే సి కి ఎక్కారు. 2013లో సి చాంపియన్లు. 2015లో బి లో రెండో స్థానం, 2016లో ఈశాన్య రాష్ట్రాల కప్పు. అదే 2016లో ఎ నుంచి మళ్లీ జారారు. పాత అప్పులు తీరకుండా పైకెక్కితే నిలదొక్కుకోవడం కష్టం. 2024లో జాతీయ లీగ్‌లో ఏ మెట్టునా చోటు లేకుండా పోయింది. 2025లో తిరిగి డి లో ఆడి, ఫైనల్ దాకా వెళ్లి, సి కి ఎక్కారు. బ్రెజిల్ స్కోర్లు చూసేటప్పుడు మొదటి డివిజన్ పట్టిక దగ్గరే ఆగకుండా కిందికి జరపండి, సి పట్టికలో రెసీఫె జట్టు పేరు వెతకండి.

ఇట్లు,
మీ తాతయ్య