పుట్టిన వారంలో తగిలిన యాంటిజెన్: ఎలుకల యాంటీబాడీ ప్రయోగాల నేపథ్యం

పసికూన రోగనిరోధక వ్యవస్థకు ఏ యాంటిజెన్ (రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టగల పదార్థం) ఇచ్చినా దాన్ని ఎదిరించదు, తనదిగా ఒప్పేసుకుంటుంది అన్న నమ్మకం దాదాపు నలభై ఏళ్లు నడిచింది. దానికి మూలం 1953లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బిల్లింగ్‌హామ్, బ్రెంట్, మెడవార్ ప్రచురించిన ప్రయోగం. సీబీఏ జాతి తల్లి ఎలుక కడుపులోని పిల్లలకు ‘ఏ’ జాతి ఎలుక కణాలను సూదితో ఎక్కించారు. ఆ పిల్లలకు ఎనిమిది వారాల వయసులో అదే ‘ఏ’ జాతి చర్మాన్ని అతికించారు. మామూలుగా పది పన్నెండు రోజుల్లో పాడైపోయే ఆ అతుకు కొన్ని పిల్లల్లో నిలిచిపోయింది. పిండదశలో తగిలినదాన్ని ఒళ్లు తనదిగా ఎంచుకుంటుందని బర్నెట్, ఫెన్నర్ 1949లోనే చేసిన ఊహకు ఇది రుజువైంది. 1960లో బర్నెట్, మెడవార్‌లకు నోబెల్ వచ్చింది.

ప్రయోగం గట్టిదే, దాన్ని అతిగా సాగదీయడమే పొరపాటు. అక్కడ ఎక్కించినవి బతికున్న కణాలు. అవి పిల్ల ఒంట్లో పాతుకుని ఉండిపోగలవు. చంపిన బ్యాక్టీరియాకూ శుద్ధి చేసిన ప్రోటీన్‌కూ అదే ఫలితాన్ని అంటగట్టడానికి ఆధారం లేదు. 1996 మార్చిలో ‘సైన్స్’ పత్రిక ఒకే సంచికలో వేసిన మూడు పరిశోధనలు ఈ సంగతిని తేల్చాయి. పసి ఎలుకకు తక్కువ మోతాదులో ఇచ్చిన వైరస్ రక్షణనిచ్చింది, ఎక్కువ మోతాదు ఇవ్వలేదు. యాంటిజెన్‌ను పట్టి చూపించే డెండ్రిటిక్ కణాల ద్వారా అందినప్పుడు, రోగనిరోధక వ్యవస్థలోని నవజాత టి-కణాలు బాగానే స్పందించాయి. కోడిగుడ్డులోని లైసోజైమ్ అనే ప్రోటీన్‌ను నూనె అడ్జువెంట్‌తో (స్పందనను పెంచే పదార్థం) ఇచ్చినప్పుడు లింఫ్ గ్రంథుల్లోని కణాలు స్తబ్దుగా కనిపించినా, ప్లీహంలోని కణాలు గట్టిగా స్పందించాయి. గ్రంథులొక్కటే పరీక్షించి వదిలేస్తే ‘సహనం’, అంటే ఎదిరించకుండా ఒప్పేసుకోవడం, అని రాసుకునేవారే.

యాంటీబాడీల సంగతి ఇంకా ఆసక్తికరం. బాల్బ్-సి జాతి ఎలుకకు న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియా ఇస్తే, దాని పైగోడలోని ఫాస్ఫోరైల్‌కోలీన్ అనే చిన్న అణువు మీద టి15 అనే ఒకే రకం యాంటీబాడీ పెద్ద ఎత్తున తయారవుతుంది. ప్రాణాంతక న్యుమోకాకస్ నుంచి ఎలుకను బాగా కాపాడేదీ ఇదే. యాంటీబాడీలు తయారుచేసే బి-కణం తన యాంటీబాడీ జన్యువును వి, డి, జె ముక్కలు కలిపి కుట్టుకుంటుంది. పెద్ద ఎలుకలో టీడీటీ అనే ఎంజైమ్ ఆ అతుకుల దగ్గర యాదృచ్ఛికంగా డీఎన్ఏ అక్షరాలు చేరుస్తుంది. పిండదశలో ఆ ఎంజైమ్ ఉండదు. పుట్టాక కొద్ది రోజులకు గానీ పని మొదలుపెట్టదు. టి15 అతుకుల్లో చేర్పులు లేవు, అంటే ఆ కణాలు తయారయ్యేది ముఖ్యంగా తొలినాళ్లలోనే. బెనెడిక్ట్, కెర్నీ అనే పరిశోధకులు 1999లో దీన్ని తిరగేసి చూశారు. పిండదశలోనే టీడీటీ పనిచేసేలా మార్చిన ఎలుకలు పెద్దయ్యాక రక్షణనిచ్చే ఈ యాంటీబాడీలను కోల్పోయాయి. పెద్దయ్యాక ఎన్ని బూస్టర్లు వేసినా, అసలు పుట్టని కణాన్ని పెంచలేం కదా.

ఉన్న కణాల్లో ఏవి పెరగాలో తొలి యాంటిజెన్ నిర్ణయిస్తుందని 2020లో కెర్నీ బృందమే చూపింది. వేడితో చంపిన స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ బ్యాక్టీరియాను పసి ఎలుకలకు ఇస్తే, దాని మీది ఎన్-అసిటైల్‌గ్లూకోసమీన్ అనే చక్కెరను గుర్తించే బి-1 కణాల (తొలినాళ్లలో పుట్టే ఒక రకం బి-కణాలు) సంఖ్య, వాటి కుదుళ్లు, అంటే ఒకే కణం నుంచి వచ్చిన వంశాలు, మారాయి. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో ఆ కణాలూ యాంటీబాడీలూ తక్కువ. అంటే ఎవరూ సూది వేయకపోయినా, పేగులోని బ్యాక్టీరియా ఆ పని కొంత చేస్తూనే ఉంటుంది.

ఇలాంటి ప్రయోగం చేతిలో చెడేది చిన్న విషయాల దగ్గరే. పుట్టిన పిల్ల బరువు ఒకటి, ఒకటిన్నర గ్రాము. కడుపులోకి 20–50 మైక్రోలీటర్లు, 30 గేజ్ సూదితో ఎక్కిస్తారు. సూదిని తిన్నగా గుచ్చి తీస్తే ద్రవం రంధ్రంలోంచి కారిపోతుంది, మోతాదు ఎంత వెళ్లిందో తెలియదు. చర్మం కింద కాస్త దూరం జరిపి లోపలికి పోనిచ్చి, కొన్ని క్షణాలు ఆగి తీయాలి. గ్లవ్స్‌కు ఆ గూటి పొట్టు రుద్దకపోతే, కొత్త వాసన తగిలి తల్లి పిల్లల్ని చంపేయవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది తల్లి యాంటీబాడీ. ఎలుకపిల్ల దాదాపు మూడు వారాలపాటు పాలలోని ఐజీజీ రకం యాంటీబాడీని పేగు ద్వారా పీల్చుకుంటుంది. తల్లికి ఆ యాంటిజెన్ ముందే తెలిసి ఉంటే, ఆ ఐజీజీ పిల్లకు వేసిన మోతాదునే కప్పేస్తుంది. మూడో వారం రక్తంలో కనిపించే ఐజీజీ తల్లిదే కావచ్చు. ఐజీఎం అనే మరో రకం యాంటీబాడీ ఆ దారిలో రాదు కాబట్టి తొలి వారాల్లో దాన్నే కొలవాలి. లేదా వేరే అలోటైప్ (జాతిని బట్టి యాంటీబాడీలో ఉండే చిన్న తేడా) ఉన్న తల్లి దగ్గర, అంటే బాల్బ్-సి పిల్లల్ని సీ57 జాతి తల్లి దగ్గర పెంచితే ఎవరి యాంటీబాడీ ఏదో విడిగా తెలుస్తుంది. మన దగ్గర మీజిల్స్-రుబెల్లా తొలి మోతాదుకు తొమ్మిది నెలలు నిండేదాకా ఆగడానికీ తల్లి యాంటీబాడీలే ఒక ముఖ్య కారణం.

ఒకే ఈతలోని ఎనిమిది పిల్లలు ఎనిమిది విడి నమూనాలు కావు, వాటి తల్లీ పేగు బ్యాక్టీరియా ఒకటే. అందుకే ప్రతి ఈతలోనూ సగం పిల్లలకు యాంటిజెన్, సగానికి ఉత్త సెలైన్ ఇచ్చి, అలాంటి ఈతలు అనేకం తీసుకోవాలి. బతికున్న బ్యాక్టీరియా ఇస్తే ఈ పద్ధతి కుదరదు. పిల్లలు ఒకదాన్నొకటి నాకుతాయి, రెట్టలూ తింటాయి కాబట్టి సెలైన్ పిల్లలకూ అది అంటుతుంది. అప్పుడు ఈతలకు ఈతలనే వేర్వేరు గూళ్లలో పెట్టాలి.