బోరాన్ కార్బైడ్: గట్టిదనం చేతులెత్తేసే చోటు

వియత్నాం యుద్ధంలో తక్కువ ఎత్తున ఎగిరే హ్యూయీ హెలికాప్టర్లకు నేల మీది నుంచి వచ్చే తూటాల బెడద ఎక్కువ. పైలట్ చుట్టూ ఉక్కు పలకలు బిగిస్తే హెలికాప్టర్ ఆ బరువు మోయలేదు. 1960ల నడుమ సీట్లకు బోరాన్ కార్బైడ్ అనే పింగాణీ లాంటి పదార్థపు పలకలు వచ్చింది అందుకే. ఘన సెంటీమీటరుకు దాని బరువు సుమారు 2.5 గ్రాములు, అంటే ఉక్కులో మూడో వంతు. గట్టిదనంలో మాత్రం వజ్రం, క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ తర్వాత దీని పేరే చెబుతారు. హైదరాబాద్‌లోని మిధాని సంస్థ భద్రతా దళాల కోసం తయారుచేసే భాభా కవచ్ అనే తూటా నిరోధక జాకెట్‌లోనూ ఉన్నది ఇదే పదార్థం.

ఇలాంటి పలక తూటాను పట్టి ఆపదు. దాని మొనను చితక్కొట్టి, తానూ ముక్కలవుతుంది. ఆ ముక్కలను వెనుకనున్న నారల పొర పట్టుకుంటుంది. పగలడం దాని ఉద్యోగంలో భాగమే.

చిక్కల్లా వేగం పెరిగినప్పుడు వచ్చింది. మామూలు తూటాలను మట్టి కరిపించిన పలక, అతి వేగంగా దూసుకొచ్చే టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ముందు ఉన్నట్టుండి బలహీనపడేది. పీడనం 20 గిగాపాస్కల్స్, అంటే వాతావరణ పీడనానికి రెండు లక్షల రెట్లు దాటగానే బలం క్రమంగా తగ్గడం కాదు, కుప్పకూలేది. దీనికన్నా బరువైన సిలికాన్ కార్బైడ్‌కు ఈ జబ్బు లేదు.

కారణం తూటా పరీక్షల్లో పలకలు పగిలి మిగిలిన ముక్కల్లోనే దొరికింది. మింగ్‌వే చెన్, జేమ్స్ మెకాలే, కెవిన్ హెమ్కర్ అనే పరిశోధకులు ఆ ముక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. స్ఫటికంలో బారులు తీరిన పరమాణువుల మధ్య రెండు మూడు నానోమీటర్ల వెడల్పున, వెంట్రుక మందంలో సుమారు ముప్పై వేలో వంతున, సన్నని చారలు కనిపించాయి. ఆ చారల్లో అమరిక అనేదే లేదు, గాజులా కలగాపులగం. పగుళ్లు వాటి వెంటే సాగాయి. ఆ ప్రమాదకర పీడనం దాటిన దెబ్బల ముక్కల్లోనే ఇవి ఉన్నాయి. 2003లో సైన్స్ పత్రికలో ఇది అచ్చయింది.

పన్నెండేసి పరమాణువుల గుత్తులు, వాటిని కలిపే మూడు పరమాణువుల గొలుసులు: ఇదీ బోరాన్ కార్బైడ్ కట్టడం. ముందు కూలేది గొలుసా, గుత్తా అన్న వాదన ఆ తర్వాత చాలాకాలం నడిచింది. చాలామంది వేలు గొలుసు వైపే చూపింది. కొద్దిగా సిలికాన్ కలిపి చూస్తే చారలు తగ్గాయి.