నీళ్ల గురించి చదవమంటే, ఈ రాయి చదవండి

చిన్నికీ, బుజ్జిబాబుకీ తాతయ్య ఆశీస్సులు.

నీటి కరువు మీద బడిలో మాట్లాడాలి, మంచి పుస్తకం చెప్పమని అడిగారు. అలమరలో ఉన్నవన్నీ లావుపాటి నివేదికలు. పది పేజీలు తిరగేసేసరికి నాకే కునుకు పట్టింది. అందుకని మీ చేత ఒక శాసనం చదివిద్దామనుకున్నాను.

కడప ప్రాంతంలోని పోరుమామిళ్లలో పెద్ద చెరువుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించి, ఆ సంగతి 1369లో సంస్కృత శ్లోకాలుగా రాతి మీద చెక్కించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఇంతే అయితే రాజుగారి గొప్పలని వదిలేయవచ్చు. కానీ చెరువుకు ఉండవలసిన పన్నెండు హంగులు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో రాశారు.

హంగుల్లో గట్టి బంకనేల, తీపినీటి ఏరు, కట్టకు ఆసరాగా కొండ, పొడవాటి రాళ్లు దొరికే గని, పని తెలిసిన మనుషులు ఉన్నారు. ధర్మాత్ముడైన రాజుది మొదటి స్థానం. రాయించింది ఆయనే కదా!

నాకు దోషాలే ఎక్కువ నచ్చాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల సరే. చెరువు నడుమ తాబేలు వీపులా మిట్ట ఉండటమూ దోషమే. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం మరొకటి. కృష్ణా జలాల తగాదా పేపర్లో చదివే మనకు దీని అర్థం వేరే చెప్పాలా? ఇక మిగిలినవి జంట దోషాలు: నీరు కొంచెమై తడపవలసిన నేల ఎక్కువ కావడం, నేల కొంచెమై నీరు ఎక్కువ కావడం. చూశారా, నెపం వాన మీదకు నెట్టలేదు. లెక్క కుదరకపోవడమే దోషమన్నారు.

నా చిన్నప్పుడు చెరువు సగమే నిండిన ఏడు పెద్దలు కట్ట మీద కూర్చుని, ఆయకట్టులో ఎంతమేర వరి వేయాలో తేల్చేవారు. మిగతా పొలాల్లో తక్కువ నీటితో పండే ఆరుతడి పైర్లే. తూము ఎంతసేపు తెరవాలో నీరుగంటి చూసుకునేవాడు. తరువాత ఎవరి బోరు వారిదైంది. అడిగేవాడు లేడు, లెక్కా లేదు. నేనూ ఆ తానులో ముక్కనే. మన మొదటి బోరుకు నూట యాభై అడుగుల్లో నీళ్లు పడ్డాయి. రెండోదానికి నాలుగు వందలు దాటాల్సి వచ్చింది. మూడోది తవ్విన రోజు మీ నానమ్మ కొట్టిన కొబ్బరి చెక్కల నిండా తెల్లటి రాతిపొడి పడింది, నీళ్లు మాత్రం పడలేదు.

బడిలో మాట్లాడే ముందు ఒక పని చేయండి. మీ అపార్టుమెంటుకు వచ్చే ట్యాంకరు నీళ్లు ఏ ఊరి బోరువో డ్రైవరును అడిగి రాసుకోండి.

వేసవి సెలవులకు రండి, పోరుమామిళ్ల వెళదాం. కట్ట మీద చాలా దూరం నడవాలి, గట్టి చెప్పులు తెచ్చుకోమని మీ నాన్నకు కూడా చెప్పండి.

మీ తాతయ్య